రబ్బరు తెర

గురువారం పొద్దున్న మంచు ఇంకా విడలేదు. అరకులో సంత వీధి చివరి ఇల్లు సూర్యనారాయణది. ముందు కిరాణా కొట్టు, మధ్యలో కాపురం, వెనక తోట. టీ గ్లాసు పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి అతను కూతురి వైపు విసుగ్గా చూస్తున్నాడు.

సుమ నేలమీద గోనె పరుచుకుని చిప్పర్ మిషన్ ముందు కూర్చుంది. రెండు చక్రాల మీద నిలబడే చిన్న పెట్రోలు మిషన్ అది. గరాటులాంటి నోట్లో కొమ్మ పెడితే లోపల తిరిగే బ్లేడ్లు దాన్ని ముక్కలు చేసి పక్క గొట్టంలోంచి పొట్టులా విసిరేస్తాయి. ఆ పొట్టు మిరియం పాదుల మొదట్లో పరిస్తే ఎండాకాలంలోనూ తడి నిలుస్తుంది, కలుపు లేవదు. తోటపని చదువు చదివి వచ్చిన సుమ ఇంటి వెనకే నర్సరీ పెట్టుకుంది. టైడా వైపు రిసార్టుల తోటలు కత్తిరించే పని కూడా ఒప్పుకుంటుంది. అందుకే ఆ మిషన్ కొంది.

"ఒలే సుమా, పసిపిల్లకి నలుగెట్టినట్టు ఆ ఇనపముక్కకి అన్ని సేవలేటే?" అన్నాడు సూర్యనారాయణ.

"సేవలు కాదు నాన్నా. నిన్నంతా పనస కొమ్మలు వేశాను. జిగురు పట్టేసింది. తుడవకపోతే బ్లేడు కొయ్యదు, నలుపుతుంది."

ముందుగా ఇంజను మీద ఉన్న చిన్న రబ్బరు టోపీ పీకి పక్కన పెట్టింది. అది పీకితే మిషన్ పొరపాటున కూడా స్టార్టు కాదు, అప్పుడే లోపల చెయ్యి పెట్టాలి అని తల్లికి వందసార్లు చెప్పింది. కిరసనాయిలు గుడ్డతో బ్లేడ్లు తుడిచింది. బోల్టులు ఒక్కొక్కటే బిగించి చూసింది. నోటి దగ్గర వేలాడే మందపాటి రబ్బరు తెరని విప్పి, కుళాయి కింద కడిగి, మళ్ళీ స్థానంలో పెట్టి స్క్రూలు బిగించింది. కొమ్మ ఆ తెరని తోసుకుని లోపలికి పోతుంది గాని లోపలి ముక్క ఎగిరి బయటికి రాలేదు. తల్లి రాజులమ్మ వంటింటి కిటికీలోంచి, "జీపెల్లిపోతాదే, బేగి కానీ," అని కేకేసింది. సుమ టోపీ మళ్ళీ ఇంజనుకి తగిలించి, గబగబా చేతులు కడుక్కుని టైడా జీపెక్కడానికి పరుగెత్తింది.

సూర్యనారాయణకి మిషన్ మీద కోపం లేదు. తన ఇంట్లో తనకి తెలియని వస్తువు ఒకటి ఉండడమే అతనికి గిట్టలేదు. సాలూరు దగ్గర్నించి తండ్రి వెంట ఈ కొండ మీదికి వచ్చి కొట్టు పెట్టిన దగ్గర్నించి కాటా బాగుచెయ్యడం, స్కూటరు విప్పి బిగించడం, అన్నీ అతని చేతి పనులే. అలాంటిది కూతురు ఈ మిషన్‌ని మాత్రం ముట్టుకోనివ్వదు. "నేర్పిస్తాను నాన్నా, ఓ పూట కూర్చో," అంటుంది. పిల్ల దగ్గర కూర్చుని నేర్చుకోవడమేమిటని అతను ఎప్పుడూ కూర్చోలేదు.

ఆ సాయంత్రం కొట్లో బేరాలు పలచబడ్డాయి. పెరట్లో సుమ కత్తిరించి పోగేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు, ముళ్ళకంప కుప్పగా పడి ఉన్నాయి. కూతురు వచ్చేసరికి ఇదంతా పొట్టు చేసి పెడితే మరి మాట్లాడదనుకున్నాడు. తాడు లాగాడు. నాలుగైదు లాగుళ్ళకి ఇంజను అందుకుంది. పెద్ద కొమ్మలు చక్కగా పోయాయి. సన్నని కంప మాత్రం తెర దగ్గర చుట్టుకుని ఆగిపోతోంది. తోస్తే వంగుతోంది, లాగితే చేతికి గీసుకుంటోంది.

"ఈ తెరొకటి అడ్డం," అని ఇంజను ఆపి, స్క్రూ డ్రైవరు తెచ్చి తెర ఊడదీశాడు. కట్టెల దొంతి మీద పడేశాడు. మళ్ళీ స్టార్టు చేస్తే కంపంతా నోట్లోకి సర్రున పోయింది. తనలో తనే నవ్వుకున్నాడు. సగం కుప్ప అయ్యేసరికి కొట్టు ముందు లారీ హారన్ కొట్టింది. మర్నాటి సంతకి సరుకు వచ్చింది. మిషన్ ఆపి అటు వెళ్ళాడు. మూటలు దింపించుకుని, లెక్క చూసుకుని, అన్నం తిని పడుకునేసరికి తెర సంగతి అతని తలలోనే లేదు.

శుక్రవారం తెల్లవారకముందే సంత వీధి నిండిపోయింది. కొండ మీది ఊళ్ళ నుంచి పసుపు, చింతపండు, పనసకాయలు దిగుతున్నాయి. పెరట్లో సుమ పొట్టు సంచులు నింపే తొందరలో ఉంది. ఎవరో మిరియం తోట వాళ్ళు బండి తెస్తామన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుంది, పెట్రోలు చూసింది, తాడు లాగింది. ఆ మంచులో, ఆ తొందరలో మిషన్ నోటికి తెర లేదని గాని, కొమ్మల కుప్ప సగమైందని గాని ఆమె కంట పడలేదు. రాజులమ్మ కొమ్మలు అందిస్తోంది.

"సుమా! బేగి రా! కొట్లో జనం కమ్మేశారు!" సూర్యనారాయణ ముందు నుంచి అరిచాడు.

"మిషన్ మీదున్నాను నాన్నా!"

"ఆ మిషనెక్కడికీ పోదులే! రా ముందు!"

సుమ ఆపబోయింది. "ఆపకే, మళ్ళీ లాగలేక సస్తావు. ఈ నాలుగు పుల్లలూ నాను ఏసేస్తాను," అంది రాజులమ్మ. సుమ ఒక్క క్షణం తటపటాయించింది. ముందు నుంచి మళ్ళీ కేక వినబడింది. "ఎదురుగా నిలబడకమ్మా, పక్కనుండు," అని చెప్పి, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని కొట్లోకి పరుగెత్తింది.

సూర్యనారాయణ ఎవరికో కందిపప్పు తూస్తున్నాడు. వెనక నుంచి కేక వినబడింది. ఆ కేక తర్వాత ఇంజను చప్పుడు ఒక్కటే మిగిలింది.

రాజులమ్మ నేలమీద కూర్చుని ఎడమ కన్ను మీద రెండు చేతులూ అదుముకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. పొట్టి కొమ్మొకటి లోపలికి పోకపోతే వంగి తోసిందట. చెక్కపెచ్చు ఎగిరి వచ్చింది. సుమ మిషన్ ఆపి తల్లిని పట్టుకుంది. సుమ నుదుటి మీద అద్దాలు అలాగే ఉన్నాయి.

కిరాయి కారు ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ రాజులమ్మ మూలగలేదు. "కొట్టుకి తాళమేసేరా?" అని మాత్రం అడిగింది.

విశాఖలో పెద్దాసుపత్రి డాక్టరు చెయ్యగలిగిందంతా చేశాడు. కన్ను ఆకారం నిలిచింది, చూపు నిలవలేదు. ఆ మాట చెప్పి డాక్టరు వెళ్ళిపోయాక వరండా బల్ల మీద సుమ తండ్రి పక్కన కూర్చుంది.

"నాన్నా, మిషన్‌కి తెర లేదు. ఆపినప్పుడు చూశాను," అంది మెల్లిగా. "నిన్న పొద్దున్న విప్పి కడిగాను కదా. జీపు తొందర్లో మళ్ళీ బిగించడం మరిచిపోయాను. బిగించాననే అనుకున్నాను. కాని బిగించలేదన్నమాట. అది ఉంటే ఇలా అయ్యేది కాదు. నేనే చేశాను నాన్నా."

ఆమె స్క్రూలు బిగించడం గుమ్మంలో నిలబడి సూర్యనారాయణ చూశాడు. చెప్పాలి. నోరు తెరిచాడు కూడా. ఎదుట కూతురి మొహం ఉంది. ఇన్నాళ్ళూ తన మాటకి ఎదురు చెప్పినా, తన మీద నమ్మకం మాత్రం పోని మొహం.

"ఊరుకోమ్మా," అన్నాడు. వీపు నిమిరాడు. ఓదార్పు అనుకుని సుమ అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ మాట వెనక అతను దాక్కున్నాడు.

ఇంటికి వచ్చిన రోజే కట్టెల దొంతి మీది తెర తీసి, కొట్లో ఖాళీ బెల్లం బుట్టల వెనక దాచేశాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. మర్నాడూ అదే అనుకున్నాడు. చెప్పకుండా గడిచిన ప్రతి పూటా చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసింది.

రాజులమ్మ ఒంటి కన్నుతో బతకడం నేర్చుకుంటోంది. గ్లాసులో పోసిన మజ్జిగ గ్లాసు పక్కన ఒలికేది. మెట్టు దిగబోయి గాలిలో కాలు పెట్టేది. ఎడమ పక్కన ఎవరైనా వచ్చి నిలబడితే ఉలిక్కిపడేది. ఆమె తడబడినప్పుడల్లా ఎక్కడున్నా సుమ వచ్చి చెయ్యి పట్టుకునేది. మాటలు తగ్గిపోయాయి. మిషన్‌ని తోట చివర రేకుల షెడ్డులోకి తోసి, మీద పట్టా కప్పేసింది. టైడా నుంచి ఫోన్లు వస్తే, "ఇప్పుడు చెయ్యడం లేదండీ," అని పెట్టేసేది. నర్సరీలో సగం మొక్కలు నీళ్ళు లేక తలలు వాల్చాయి. అవన్నీ సూర్యనారాయణ కొట్లో కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

రాజులమ్మ అన్న పైడిరాజు సాలూరు నుంచి వచ్చాడు. చెల్లెలంటే ప్రాణం అతనికి. నోరు మాత్రం పెద్దది. గుమ్మంలో చెల్లెల్ని చూసి గొల్లుమన్నాడు. భోజనాలయ్యాక నడిమింట్లో కూర్చుని అసలు మాట మొదలుపెట్టాడు.

"ఆడగుంటకి ఈ మిషన్లూ ఈ పన్లూ ఎందుకని నాను ఆ పొద్దే సెప్పేను బావా. ఇన్నారా? ఇప్పుడేటైనాది? కన్నతల్లి కన్ను పీకేసింది."

"అన్నయ్యా, అలాటి మాటనకు," అంది రాజులమ్మ.

"నువ్వూరుకో! పోయిన కన్ను ఒచ్చీసుద్దేటి?"

సుమ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. "మావయ్య అన్నదాంట్లో తప్పేముందమ్మా? నావల్లే కదా," అంది. "మావయ్యా, విజయనగరంలో నీకు తెలిసిన వాళ్ళ ఎరువుల కంపెనీలో ఉద్యోగం ఉందన్నావు కదా. చేరతాను. కుర్చీలో కూర్చుని చేసే పనైతే ఎవరికీ ఏమీ కాదు. మిషన్ అమ్మేద్దామని పాచిపెంట నుంచి కాఫీ తోట ఫల్గుణని రమ్మన్నాను. రేపు వచ్చి పట్టుకెళ్తాడు."

"అదీ బుద్ధంటే," అన్నాడు పైడిరాజు. "ఒళ్ళు దగ్గరెట్టుకుని ఓ పని సెయ్యడం రాదు, పెద్ద తోటలు సేసేద్దామని. ఆ తెరేదో బిగించకుండా ఒగ్గీసి జీపెక్కి ఊరి మీదకెల్లిపోతే..."

"బావా, ఆపు."

సూర్యనారాయణ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. లేచి కొట్లోకి వెళ్ళాడు. బుట్టల వెనక చెయ్యి పెట్టి తెర తీసి తెచ్చి పైడిరాజు ముందు నేలమీద పెట్టాడు. బెల్లం మడ్డి అంటుకుని దానికి చీమలు పట్టాయి.

"గుంట ఇది బిగించింది," అన్నాడు. "బిగించడం నేను సూసేను. సాయంత్రం ఇప్పింది నేను. కంప పోవట్లేదని ఇప్పి పారేసేను. మళ్ళీ ఎట్టడం మర్సిపోయేను. తెల్లారి మిషన్ మీదున్న పిల్లని కొట్లోకి రమ్మని అరిసింది కూడా నేనే."

పైడిరాజు తెర వైపు, బావ వైపు మార్చి మార్చి చూశాడు.

"నాకు తెల్సు," అంది రాజులమ్మ.

సూర్యనారాయణ గిర్రున తిరిగాడు.

"వంటింటి కిటికీలోంచి మీరిప్పడం సూసేను. అదేటికో నాకు అప్పుడు తెలవదు. ఆసుపత్రిలో గుంట వరండాలో ఏడుస్తన్నది లోపలికి ఇనబడ్డప్పుడు తెల్సింది." ఆమె మంచి కన్ను కూడా ఎర్రబడింది. "ఇయ్యాల సెప్తారు, రేపు సెప్తారు అని సూసేను. మీ నోటితో మీరు సెప్తే బాగుంటాదనుకున్నాను. నలుగుర్లో మిమ్మల్ని తక్కువ సెయ్యలేకపోనాను."

"మరి నేనో అమ్మా?"

సుమ ఆ మాట అరవలేదు. చాలా చిన్నగా అడిగింది.

"నాన్న తక్కువైపోకూడదు. సరే. ఇన్నాళ్ళూ నేను నీ కంట్లోకి చూడలేక తలొంచుకుని అన్నం పెడుతుంటే నువ్వెలా తిన్నావమ్మా?" అని, చేతిలోని గుడ్డ అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

రాజులమ్మ చెంగు నోట్లో కుక్కుకుని కూలబడిపోయింది. పైడిరాజు చెల్లెలి పక్కన కూర్చున్నాడు. "గుంటని ఎన్నేసి మాటలన్నాను," అని గొణుక్కున్నాడు.

సూర్యనారాయణ కాసేపు ఆగి తోటలోకి వెళ్ళాడు. పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. సుమ షెడ్డు ముందు అరుగు మీద కూర్చుంది. అతను కొంచెం ఎడంగా నిలబడ్డాడు. దగ్గరికి పోయే హక్కు ఉందో లేదో తెలియలేదు.

"మావయ్యకి చెప్పావు నాన్నా. నాకు చెప్పలేదు," అంది సుమ తల తిప్పకుండా.

అతను వచ్చి ఆమె ఎదుట నేలమీద కూర్చున్నాడు. "తెర నేనిప్పేను తల్లీ. నువ్వు నీ మీదేసుకుంటుంటే ఊరుకున్నాను. బయపడ్డాను."

"దేనికి?"

"నీకు. నీ కళ్ళల్లో నానెలా ఐపోతానో అని. నాకు తెలవని పనిలో ఏలెట్టి మీ అమ్మని గుడ్డిదాన్ని సేసేనని నువ్వనుకుంటావని... నాను కాపాడుకున్నది నన్నే. నిన్ను ఒగ్గీసేను."

సుమ అంది: "రోజూ పొద్దున్నే మీరు లేవకముందు ఎడం కన్ను చేత్తో మూసుకుని ఇల్లంతా తిరిగేదాన్ని నాన్నా. పొయ్యి దగ్గరికి, నూతి దగ్గరికి, మెట్ల దగ్గరికి. అమ్మకి ఏమేం కనపడదో తెలుసుకుందామని. చెయ్యి తీసెయ్యాలనిపించినప్పుడు, అమ్మకి తియ్యడానికి లేదు కదా అని ఇంకాసేపు మూసుకునేదాన్ని."

సూర్యనారాయణ రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరుమన్నాడు. తండ్రి చచ్చిపోయినప్పుడు కూడా అతను అలా ఏడవలేదు. సుమ లేచి అతని దగ్గరికి రాలేదు. అలాగని లోపలికీ వెళ్ళిపోలేదు. చీకటి పడేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. లేచేటప్పుడు, "అద్దాలు నేను అమ్మకి ఇచ్చి వెళ్ళుండాల్సింది. మిషన్ ఆపుండాల్సింది. అది మాత్రం నాదే," అంది సుమ.

మర్నాడు ఫల్గుణ బండి తెచ్చాడు. ఎండిన కాఫీ కొమ్మలు చాలా ఉన్నాయట అతని తోటలో. సుమ షెడ్డులోంచి మిషన్ బయటికి తెచ్చింది. చాలాకాలం వాడక ట్యాంకులో పెట్రోలు మురిగిపోయింది, బెల్టు వదులైంది, బ్లేడ్ల మీద సన్నగా తుప్పు లేచింది. "ఇలా ఇవ్వలేనన్నా. బాగుచేసి చెబుతాను," అని అతన్ని పంపించేసింది. అమ్ముతుందో అమ్మదో చెప్పలేదు. విజయనగరం సంగతీ ఎత్తలేదు. పైడిరాజు సాలూరు బస్సెక్కే ముందు మేనకోడలి తల మీద చెయ్యి పెట్టి, "నానన్నవి మనసులో ఎట్టుకోకే," అన్నాడు. ఉద్యోగం మాట అతనూ ఎత్తలేదు.

సుమ పాత పెట్రోలు వంచేసింది. సూర్యనారాయణ గోనె తెచ్చి పరుచుకుని పక్కన కూర్చున్నాడు. "ఏటి సెయ్యాలో సెప్పు," అన్నాడు. ఆమె స్పానరు అతని చేతికిచ్చింది. "ముందు ఆ టోపీ పీకు," అంది. ఆ పూట పనికి సంబంధించిన మాటలు తప్ప వాళ్ళిద్దరి మధ్య వేరే మాట లేదు. తల్లితో అయితే అవి కూడా లేవు. ఒక మధ్యాహ్నం రాజులమ్మ మిరపకాయలు ఎండబెడుతూ అరుగు అంచు కానక తూలింది. సుమ వెళ్ళి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి రాజులమ్మ వదల్లేదు. "నిన్ను కన్నదాన్ని, నీ వైపు నిలబడలేకపోనానే," అంది. సుమ తల్లి ఎడమ పక్కకి వచ్చి కూర్చుని మిరపకాయలు పరవడం మొదలుపెట్టింది.

రాజులమ్మ మళ్ళీ కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాక కొత్త బాధ వచ్చింది. సంత రోజున వచ్చే వాళ్ళంతా ఆమెని ఎరిగిన వాళ్ళే. "ఓలమ్మా, కంటికేటైనాది?" అని అడగని వాళ్ళు లేరు. మొదటిసారి ఎవరో అడగ్గానే రాజులమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. సూర్యనారాయణ కాటా ఆపి, "నావల్లే పోయింది. మిషన్‌కి ఉన్న తెర నేనిప్పేసేను," అన్నాడు. అడిగినామె తెల్లబోయింది. తర్వాత వచ్చినామె అడిగినా అదే మాట. ఎవరు అడిగినా అదే మాట. కొందరు జాలిపడ్డారు, కొందరు చాటుగా మూతి విరిచారు. "సాల్లెండి, ఊరంతా సెప్పాలేటి?" అని రాజులమ్మ గింజుకునేది. అతను మానలేదు. పిల్ల మీద పడిన మాటని ఆ రకంగా ఒక్కొక్కరి చెవిలోంచి తీసేస్తున్నాననుకునేవాడు. ఎంతమందికి చెప్పినా, ఆసుపత్రి వరండాలో చెప్పాల్సిన మాట చెప్పినట్టు అవదని కూడా అతనికి తెలుసు.

వానలు మొదలైన ఒక శుక్రవారం, కొండ మీది నుంచి చీపుర్లు అమ్మకానికి తెచ్చే ముసలమ్మ గంగాభవాని కొట్టు మెట్టెక్కింది. చాన్నాళ్ళకి వచ్చింది. రాజులమ్మ మొహం చూసి చీపుర్ల కట్ట దించేసి, "ఏటమ్మా ఇది? ఎలగైనాది?" అని గడ్డం పట్టుకుంది.

సూర్యనారాయణ గొంతు సవరించుకున్నాడు. "అదే అవ్వా, నావల్ల..."

"తోటలో పనిచేస్తుంటే దెబ్బ తగిలింది అవ్వా," అంది సుమ.

పెరటి గుమ్మంలోంచి ఎప్పుడు వచ్చిందో, తల్లికి ఎడమ పక్కన నిలబడి ఉంది. చేతులకి తడి మట్టి.

"ఎవరి వల్ల గుంటా?" అంది గంగాభవాని.

"మావల్లే. ముగ్గురం చూసుకోలేదు." సుమ తండ్రి వైపు చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూడడం అదే మొదలు. "ఇంక చాలు నాన్నా. అవ్వకి ఉప్పు తూచివ్వు, వానలో కొండెక్కి వెళ్ళాలి."

సూర్యనారాయణ ఉప్పు మూట వైపు తిరిగాడు. చాలాసేపు తిరిగే ఉన్నాడు. తూకం ఆలస్యమవుతున్నా గంగాభవాని తొందరపెట్టలేదు.